వంతుకొచ్చిన పేరు

పోయిన వారం సుజనని ఖిదిర్‌పూర్ ఓడరేవులో తెలుగు కూలీల సంఘం గది గుమ్మం ముందు, నీళ్ళు కారుతున్న గొడుగుతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల అక్కడే ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు అసలేం గొడవలో ఇరుక్కుందో ఓసారి చెప్పుకుందాం. ఈ వారమే కొత్తగా పుస్తకం చేతికి తీసుకున్నవాళ్ళు కూడా ఉంటారు కదా.

యుద్ధనౌకల నక్షాలు గీసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో సుజనకి ఉద్యోగం వచ్చినట్టే వచ్చింది. రాత పరీక్ష దాటింది, ఇంటర్వ్యూ దాటింది, డాక్టర్లు కూడా సరేనన్నారు. చివర్న సెక్యూరిటీ క్లియరెన్స్ దగ్గర బండి ఆగిపోయింది. మీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు ఉందా, శిక్ష పడిందా అని అడిగితే లేదని రాసింది. పోలీసులు ఉందన్నారు. ఎనిమిదేళ్ళ కిందట, నీళ్ళ కోసం ఓడరేవు కూలీల వాడ జనం రోడ్డుకి అడ్డంగా కూర్చున్న కేసులో ‘సుజన, తండ్రి పేరు గవరయ్య’ అని ఒక ముద్దాయి ఉందట. కోర్టుకి రాకుండా వకీలు ద్వారా నేరం ఒప్పుకుని జరిమానా కట్టిందట. కింద సంతకం కూడా చేసిందట. నిజానికి ఆ రోజు ఆ పిల్ల పాలిటెక్నిక్ పరీక్ష హాల్లో కూర్చుని ఉంది.

ఇలాంటి ఫైళ్ళు చూసి చూసి రిటైరైన హైమగారు, సాల్ట్ లేక్‌లో తన ఫ్లాట్‌లో కాఫీ ఇచ్చి మరీ కుండ బద్దలు కొట్టారు. “రోడ్డు మీద కూర్చున్న కేసుని వాళ్ళు పెద్దగా పట్టించుకోరమ్మా. చిన్న వయసు, చిన్న జరిమానా. ఉందని రాసి ఉంటే నిన్నెవరూ ఆపేవాళ్ళు కాదేమో. లేదని రాశావు చూడు, అదీ కొంప ముంచేది. అబద్ధం రాసిన మనిషి చేతికి రహస్యాలు ఇవ్వరు. అది నువ్వు కాదని తేలాలి. ఇంకో దారి లేదు.”

సుజన అదే రాసి పంపింది. కార్యాలయం వాళ్ళు మళ్ళీ విచారించమన్నారు. ఇవాళ, ఆదివారం సాయంత్రం, విచారణకి ఒక పోలీసాయన ఇంటికే వస్తున్నాడు. ఆ కేసులో పోలీసులకి పేర్లిచ్చిందీ, వకీలుని పెట్టిందీ సంఘం పెద్ద, గురువులు అనే ఆయన. ఆయన వచ్చి ఒక్క నిజం చెబితే సుజన బయటపడుతుంది. అందుకే ఆ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. ఇక తలుపు తోద్దాం.

* * *

గురువులు ఒక్కడే ఉన్నాడు. ఒకప్పుడు ఓడల్లోంచి బస్తాలు దింపే గ్యాంగుకి సర్దారు. ఇప్పుడు ఓడలూ తగ్గాయి, గ్యాంగులూ పోయాయి, ఆయన గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. క్యారమ్ బోర్డు మీద మట్టి కప్పు పెట్టుకుని లెబూ చా, అదే నిమ్మకాయ టీ, తాగుతున్నాడు.

“రా అమ్మా, కూకో. నువ్వొస్తావని తెల్సు. మీ అయ్య పొద్దున్నే వచ్చి ఏడ్సి ఎల్లినాడు.”

సుజన కూర్చోలేదు. “ఏడుపులు అయిపోయాయి పెదనాన్నా. సాయంత్రం పోలీసాయన మా ఇంటికొస్తాడు. నువ్వు కూడా రా. ఆ రోజు నేను రోడ్డు మీద లేనని, నా పేరు నువ్వే ఇచ్చావని చెప్పు.”

“ఇచ్చింది నానే. అయితే ఏటి?”

అంత సులువుగా ఒప్పుకుంటాడని సుజన అనుకోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

“మీ ఇంటి వంతు వచ్చినాది. పేరు ఇచ్చినాం,” అన్నాడు గురువులు, మున్సిపాలిటీ కుళాయి సంగతి చెప్పినంత తేలిగ్గా.

ఈ వంతుల భాగోతం తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆ వాడలో అన్నిటికీ వంతులే. నీళ్ళు పట్టుకోవడానికి వంతు, అమ్మవారి పండగకి వంట వంతు, ఎవరింట్లోనైనా మనిషి పోతే మోయడానికి ఇంటికొకరు చొప్పున వంతు. పోలీసు కేసుకి పేరివ్వడం కూడా అలాంటి వంతే. సమ్మె జరిగినా, రోడ్డు మీద గొడవైనా పోలీసులు గురువులు దగ్గరికి వచ్చి కొన్ని పేర్లు కావాలనేవారు. గొడవలో నిజంగా ఎవరున్నారని వాళ్ళు గట్టిగా అడిగేవారు కాదు, ఈయన చెప్పేవాడు కాదు. ఎవరింటి వంతు వస్తే ఆ ఇంట్లోంచి ఒక పేరు వెళ్ళేది. సంఘం వకీలు కోర్టులో తలూపి జరిమానా కట్టేసేవాడు. ఏ ఒక్క ఇల్లూ నలిగిపోకుండా బరువు పంచుకుంటున్నామని పెద్దవాళ్ళు మీసాలు దువ్వుకునేవారు. సుజన ఇదంతా చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగింది. తమ ఇంటి వంతు ఎప్పుడొచ్చిందో, ఆ వంతుకి ఎవర్ని తోశారో మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు.

“వంతు ఇంటికి కదా పెదనాన్నా. మా ఇంట్లో మగవాళ్ళు ఇద్దరున్నారు. నేనే దొరికానా?”

“అదేనే మరి తెలివంటే.” గురువులు కప్పు కింద పెట్టాడు. “మగోడి పేరిస్తే ఆడు ఈ ఊళ్ళోనే ఉంటాడు, ఈ ఊళ్ళోనే సస్తాడు. కేసు ఆడి ఎనకాలే తిరుగుతాది. ఆడగుంట పేరిచ్చినామనుకో, రేపు పెళ్ళయి ఇంటిపేరు మారిపోద్ది, పలాసో టెక్కలో ఎలిపోద్ది. ఎవుడు ఎతుకుతాడు? నీ ఒక్కదాని పేరే ఇచ్చినామా? నీ కన్నా ముందు ముగ్గురు గుంటల పేర్లు ఇచ్చినాను. హాయిగా కాపురాలు సేసుకుంటన్నారు. ఆలకి తెలీదు కూడాను.”

“తెలీదు కూడాను,” అంది సుజన. ఒళ్ళంతా మండిపోయింది. ఆ ముగ్గురూ ఎవరో ఆమెకి తెలియదు గానీ, ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నట్టే అనిపించింది. “నాకు తెలిసింది పెదనాన్నా. నేను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోలేదు కాబట్టి తెలిసింది.”

“అదే నానూ అంటన్నాను. మీ అమ్మ నాలుగేళ్ళ నుంచి సంబంధాలు తెత్తంటే ఒకటీ నచ్చదు నీకు. రణస్థలం ఊరి సంబంధం నానే తెచ్చినాను. ఒప్పుకునుంటే ఈ బాధ ఉండీదా? తప్పెవులదంటావు?”

ఇదీ వరస. పేరు దొంగిలించిందీ వాళ్ళే, దొంగిలించిన పేరుని మార్చుకోలేదని తిట్టేదీ వాళ్ళే. ఇంతకన్నా సిగ్గులేని మాట నేనైతే ఈ మధ్య వినలేదు. సుజన మాత్రం అరవలేదు. అరిస్తే ఆయన లేచి తలుపు చూపిస్తాడని ఆమెకి తెలుసు. ఆయన సాక్ష్యం తనకి కావాలి.

“జరిగిందేదో జరిగింది. ఇప్పుడొచ్చి నిజం చెప్పు. నేను చదువుకున్న చదువుకి వచ్చిన ఉద్యోగం అది. ఇది పోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాదు. ఇక్కడ పోతే ఏ సర్కారు ఆఫీసూ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. అబద్ధం రాసిందని నా మీద మచ్చ ఉండిపోతుంది.”

“ఉందని ఒప్పేసుకో. సిన్నప్పుడు ఏదో తెలీక సేసినాను, మర్సిపోనాను, తప్పయిపోనాది బాబూ అని ఆల కాళ్ళ మీద పడు. రోడ్డు కేసే కదా. సర్కారుకి నీ మీద పగేటి?”

“ఒప్పుకుంటే, లేదని రాసింది అబద్ధమని కూడా ఒప్పుకున్నట్టే. వాళ్ళకి కావలసింది అదే. కేసు కన్నా అబద్ధమే వాళ్ళకి పెద్ద తప్పు.”

గురువులుకి ఈ లెక్క ఎక్కలేదు. ఆయన బతుకంతా దీనికి తలకిందులుగా నడిచింది. అబద్ధం చెప్పినవాళ్ళు బయటపడ్డారు, నిజం చెప్పినవాళ్ళు లాకప్‌లో పడుకున్నారు. “అదెక్కడి న్యాయం,” అని గొణిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మొండిగా అన్నాడు: “నాను రాను. ఒక పేరు ఉత్తుత్తి పేరని నా నోటితో సెప్తే పాత పేర్లన్నీ తవ్వుతారు. నాను ముసలోణ్ణి, జైల్లో ఏసినా ఓ ముద్ద ఎక్కువే తింటాను. వాడ ఆగమైపోద్ది.”

“అయితే నేనే చెప్తాను. గురువులు పెదనాన్న ఇచ్చాడని చెప్తాను.”

“సెప్పు.”

ఆయన ఆ మాట మెల్లగా అన్నాడు. సుజనకి మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా ఆయన్ని గోడ అనుకుంది. గోడ వెనకాల ఇంకేదో ఉందని అప్పుడే తోచింది.

“సెప్పు. అప్పుడు ఆ పోలీసోడు నన్ను పిలిసి ఏటడుగుతాడు? ఆ పిల్ల లేదు సరే, మరి ఆ ఇంటి నుంచి రోడ్డు మీద ఎవులున్నారు అంటాడు. నాను ఏటి సెప్పాల?”

“ఎవరున్నారు?”

“ఇందాక మీ అమ్మని కాసి అలగన్నాను గానీ, నాను మీ ఇంటికొచ్చి నీ పేరు అడగలేదమ్మా. మీ అన్న రమణబాబు పేరు ఇమ్మన్నాను. మగోడు, ఆ రోజు ఆడు అక్కడే ఉన్నాడు, ఆడి పేరు రాస్తే సరిపోద్ది అన్నాను. మీ అమ్మ నా కాళ్ళు పట్టీసుకున్నాది. ఆడి పేరు ఒద్దు, గుంట పేరు రాసుకోండన్నాది. సంతకం కూడా మీ అన్నే పెట్టినాడు, అచ్చం నువ్వు పెట్టినట్టే.”

బయట ట్రాలీ లాగేవాడు ఎవర్నో తప్పుకోమని కేకేశాడు. సుజన గోడకి చెయ్యి ఆనించింది.

“రోడ్డు కేసుకి అంత భయపడ్డమెందుకు? జరిమానాయే కదా.”

గురువులు ఆమె మొహం చూడకుండా చెప్పాడు. “ఆ రోజు ఒక రాయి ఎగిరినాది గుర్తుందా? సిన్న కానిస్టేబులు కన్ను పోయినాది. అది ఇసిరినోడు దొరకలేదు. ఆ ఫైలు ఇంకా మూయలేదు. రోడ్డు మీద ఉన్నామని పేరున్న మగోళ్ళందర్నీ పిలిసి కుమ్మినారు. ఆడగుంటల్ని అడగలేదు. రాయి ఆడది ఇసిరిందని ఎవుడనుకుంటాడు? అందుకే నీ పేరు. ఇంటికెల్లి మీ అన్న కుడి సెయ్యి ఎలాంటిదో అడుగు.”

* * *

సంఘం గది నుంచి ఇంటికి రెండు సందులే. వాన పడుతూనే ఉంది. సుజన గొడుగు విప్పడం మర్చిపోయింది.

అన్నయ్య అంటే ఆమెకి ఇష్టం. సైకిల్ నేర్పించాడు, పాలిటెక్నిక్ అయ్యాక ఇంకా చదువుతానంటే తండ్రితో పోట్లాడాడు. ఆ పోట్లాట ఎందుకో ఇప్పుడు కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. చెల్లెలి మీద ప్రేమా, లేక తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి ఇద్దామనా? ఆ అనుమానం ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. తండ్రి గవరయ్య మంచం మీద, తల్లి సత్యవేణి స్టవ్ దగ్గర. రమణబాబు షాలిమార్ రైల్వే గూడ్స్ యార్డులో పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పర్మనెంటు ఉద్యోగం, వచ్చే నెలలో ప్రమోషన్ అంటున్నారు.

“నా సంతకం బాగా పెట్టావట అన్నయ్యా,” అంది సుజన, తలుపు దగ్గరే నిలబడి.

రమణబాబు చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఎవరూ ఏం సంతకమని అడగలేదు. అందరికీ తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ అదే కంచాల్లో తిని, అదే గదిలో పడుకుని, తెలియనిది తనొక్కతికే.

“అప్పుడు నాకు ఉద్యోగం వచ్చే టైము,” అన్నాడు రమణబాబు. “కేసులో పేరుంటే నా ఎంక్వైరీ కూడా ఆగిపోయేది. అప్పుడు నీకేటుంది? చదువుకుంటున్నావు.”

“పరీక్షలున్నాయి. ఆ రోజు పరీక్ష రాస్తున్నాను. నేను కాగితం మీద పేరు రాసుకుంటున్నప్పుడు నువ్వు ఇక్కడ రాయి పట్టుకున్నావు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఆణ్ణి ఏటీ అనకు,” సత్యవేణి గరిటె కింద పడేసి వచ్చింది. “పేరు ఇచ్చింది నాను. అడిగితే నన్నడుగు.”

“అడుగుతున్నా. నేనెందుకు అమ్మా?”

సత్యవేణికి దాచి చెప్పడం రాదు. అది ఆవిడ మంచితనమో చెడ్డతనమో నేను తేల్చలేను. “ఎందుకేటి? ఆ పోలీసోడు నా బిందె తన్నినాడు. గంటల కొద్దీ నిలబడి పట్టుకున్న నీళ్ళు, మట్టిలో పోసినాడు. ఆడి కాలు తగిలి నాను కూడా పడిపోనాను. కొడుకన్నోడు సూత్తా ఊరుకుంటాడా? ఇసిరినాడు. నాకోసం ఇసిరినాడు. అలాంటోణ్ణి నా సేతుల్తో నాను పట్టించాలా?”

“వాణ్ణి పట్టించొద్దు. నన్నెందుకు పట్టించావు?”

“నిన్ను పట్టించడమేటి? నిన్నెవుడూ కొట్టలేదు, తిట్టలేదు. గురువులు బాబు పేరేటి అన్నాడు, నీ పేరే నోటికొచ్చినాది. మీ అయ్య ఆలోసించీ లోపలే సెప్పీసినాను. రేపు పెళ్ళయి ఎలిపోయీదానివి, నీకేటవుద్దిలే అనుకున్నాను.”

నీ పేరే నోటికొచ్చినాది. సుజన ఆ మాటని ఇంకోసారి మనసులో అనుకుంది. తల్లి ఆలోచించి, ఏడ్చి, ఇద్దరు పిల్లల్నీ తూచి ఆ పని చేసి ఉంటే ఇంత కష్టమనిపించేది కాదు. ఆలోచించాల్సిన అవసరమే రాలేదు ఆవిడకి.

“ఇప్పుడైనా చెప్పండి,” అంది. “ఆ రోజు నేను ఇంట్లో లేనని, కాలేజీలో ఉన్నానని. అంతకు మించి ఒక్క మాట అడగను.”

“అడిగేది నువ్వు కాదు, వాడు,” అన్నాడు రమణబాబు. “నువ్వు లేకపోతే మరి ఎవరంటాడు. నాకు పెళ్ళాం ఉంది, పుట్టింటికి పురిటికెళ్ళింది. కన్ను పోయిన కేసు తెలుసా నీకు? ఏళ్ళకి ఏళ్ళు పడుతుంది. నీకు పోయేది ఉద్యోగం. నాకు పోయేది బతుకు.”

“నా ఉద్యోగం నా బతుకు కాదా?”

అతను చేతిలో ఉన్న ముద్దని మళ్ళీ కంచంలో వదిలేశాడు. ఆ కంచం తీసి గోడకి కొట్టాలనిపించింది సుజనకి.

మంచం మీంచి గవరయ్య అన్నాడు, ఎవరినీ చూడకుండా, “సెప్పేద్దాం సత్తేణీ. ఈ పిల్ల లేదని సెప్పేద్దాం. మిగతాది నాకు తెలీదందాం. ఇదీ మన పిల్లే కదా.”

ఇంతలో కింద ఎవరో గవరయ్య ఇల్లెక్కడని బెంగాలీలో అడుగుతున్నారు.

* * *

వచ్చినాయన మామూలు బట్టల్లో ఉన్నాడు. మరీ పెద్ద వయసు కాదు, కణతల దగ్గర జుట్టు మాత్రం నెరిసింది. పేరు నిర్మల్ హాల్దార్ అని చెప్పి, చెప్పులు బయటే విప్పి, సుజన ఇచ్చిన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వానలో కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. అవి తియ్యకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

“పని చిన్నదే, దాదా,” అన్నాడు గవరయ్యతో, బెంగాలీలోనే. ఆ వాడలో అందరికీ ఆ భాష వచ్చు. “మీ అమ్మాయి ఆ రోజు రోడ్డు మీద లేనని రాసింది. కాలేజీ నుంచి కాగితం కూడా తెచ్చింది. కానీ పరీక్ష పొద్దున్న, గొడవ మధ్యాహ్నం దాకా సాగింది. మధ్యలో వచ్చి కలిసి ఉండొచ్చు కదా అని మా పైవాళ్ళ అనుమానం. తండ్రి మీరు. మీరు చెప్పండి. ఉందా, లేదా?”

సుజన తండ్రి వైపు చూసింది. ఆయన పెదవులు కదిలాయి. లేదన్న ఆ చిన్న మాట ఆయన నోటి చివరిదాకా వచ్చిందని ఆమెకి తెలుస్తూనే ఉంది. రమణబాబు కిటికీ దగ్గర నిలబడి దగ్గాడు. గవరయ్య చూపు కొడుకు మీదికి పోయి అక్కణ్ణుంచి తన కాళ్ళ మీదికి దిగిపోయింది.

“ఓ ఛిలో బాబూ,” అంది సత్యవేణి.

అది ఉంది బాబూ అని.

“ఆమార్ శొంగే ఛిలో,” అంది మళ్ళీ, నాతోనే ఉంది అని. “పరీక్ష అవగానే వచ్చింది. నా పక్కనే నిలబడింది. ఇప్పుడు ఉద్యోగం కోసం లేనంటోంది. చిన్నపిల్ల బాబూ, క్షమించి వదిలెయ్యండి.”

సుజన తల్లి వైపు చూసింది. సత్యవేణి ఆమె వైపు చూడలేదు. రోజూ ఆమె తల దువ్విన చేతులు అవి, ఇప్పుడు పైటచెంగుని మెలితిప్పుతున్నాయి. ఒకసారి తనకి తెలియకుండా పేరిచ్చింది. ఇవాళ తెలిసి, కూతురు ఎదురుగా నిలబడి ఉండగా, మళ్ళీ ఇచ్చింది. సుజనకి ఆ క్షణంలో తల్లి మీద కోపం కాదు వచ్చింది, అసహ్యం వచ్చింది. అది వచ్చినందుకు ఏడుపూ వచ్చింది.

హాల్దార్ ఏమీ రాసుకోలేదు. నెమ్మదిగా కళ్ళద్దాలు తీసి తువ్వాలు అంచుతో తుడిచాడు. కుడి కన్ను సత్యవేణి మీద ఉంది. ఎడమ కన్ను ఎటూ కదలలేదు. అది గాజుది.

“మాషీమా,” అన్నాడు, పిన్నిగారూ అన్నట్టు, “ఈ విచారణ నాకు వాళ్ళు వేసింది కాదు. ఆ కేసులో పేరున్నవాళ్ళెవరో తాము అక్కడ లేమని రాశారని తెలిసి, నేనే అడిగి తీసుకున్నాను. ఆ కేసులో నేరం ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. అందరూ ఒకే మాట. ఉన్నాం, కానీ ఏమీ చూడలేదు. చూడరు. వాళ్ళలో ఎవరూ అక్కడ లేరని నాకు తెలుసు. మీ పెద్దాయన పేర్లెలా ఇస్తాడో మా స్టేషన్లో అందరికీ తెలుసు.”

సత్యవేణి వెనక్కి జరిగింది. స్టవ్ తగిలి ఆగింది.

“మీరు మాత్రం ఉన్నారు. మీరే చెప్పారు ఇప్పుడు. నాకూ గుర్తొచ్చింది. ఇత్తడి బిందె. నేను కాలితో తన్నాను. అప్పుడు నాకు కొత్త ఉద్యోగం, పొగరు. ఆ తప్పు నాది, దానికి మీ ముందు తల వంచుతాను. కానీ రాయి మీ వెనక నుంచే వచ్చింది, మాషీమా. అమ్మాయి మీ పక్కనే ఉంటే ఎవరు విసిరారో చూసే ఉంటుంది. ఇన్నేళ్ళకి నాకొక సాక్షిని ఇచ్చారు మీరు.”

కొడుకుని దాచడానికి ఆడిన అబద్ధం తిరిగి తిరిగి కొడుకు దగ్గరికే వచ్చి నిలబడింది. అది అర్థమవడానికి సత్యవేణికి కాస్త సమయం పట్టింది. కిటికీ దగ్గర రమణబాబు కుడి చెయ్యి జేబులోకి పోయింది.

హాల్దార్ సుజన వైపు తిరిగాడు. “చెప్పండి దిది. ఉన్నానంటే సాక్ష్యం చెప్పాలి. ఉద్యోగం ఎలాగూ పోతుంది. లేనంటే అదే రాస్తాను, మీ ఉద్యోగం మీకొస్తుంది. కానీ లేని మనిషి పేరు ఎవరి బదులు వచ్చిందో కూడా రాయాలి. అది ఖాళీగా వదిలేసి వెళ్ళను. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి.”

తల్లి చెయ్యి వచ్చి సుజన మణికట్టుని పట్టుకుంది. గట్టిగా, గాజులు గుచ్చుకునేలా పట్టుకుంది. అందులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి, ఎప్పటిలాగే నువ్వే అని ఆ చెయ్యి అంటోంది.

ఒక్క పేరు. ఐదక్షరాలు పలికితే అన్న పోతాడు. పలక్కపోతే తను పోతుంది. ఈ ఇంట్లో పేరివ్వడం ఎంత తేలికో గురువులు చెప్పాడు, అమ్మ చెప్పింది. నోటికొచ్చేస్తుందట. సుజన తన నోట్లో వెతుక్కుంది. రాలేదు. సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తిన అన్నయ్య గుర్తొచ్చాడు, తన సంతకం ప్రాక్టీసు చేసుకున్న అన్నయ్యా గుర్తొచ్చాడు.

ఆమె తల్లి వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిని పక్కకి పెట్టింది.

“నేను లేను, దాదా,” అంది హాల్దార్‌తో. “రాసుకోండి. ఆ రోజు రోడ్డు మీద నేను లేను, రాయి నేను చూడలేదు. చూడని దానికి పేరు నేనివ్వను. ఇదివరకు ఈ ఇంటి తరఫున పేరు ఇచ్చింది మా అమ్మ. ఎవరి బదులు నన్నిచ్చిందో ఆవిడకే తెలుసు. వంతు ఆవిడది. ఆవిణ్ణే అడగండి.”

గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. రమణబాబు “అమ్మా” అన్నాడు, చిన్నప్పుడు దెబ్బ తగిలితే పిలిచినట్టు.

హాల్దార్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకోలేదు. కలం మూత తీసి, ఆ ఒక్క కంటితో సత్యవేణిని చూస్తూ పేరడిగాడు:

“నామ్, మాషీమా?”

ఒకప్పుడు మొగుడు ఆలోచించే లోపే కూతురి పేరు చెప్పేసిన సత్యవేణి, కొడుకు వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసింది. తర్వాత నోరు తెరిచింది.